సగం ఫోటోలో దొరికిన హంసలు

ధర్మవరంలో నా డిజైనుకు వంక పెట్టినోడు ఇంకా పుట్టలేదని ఇదే టీ అంగట్లో మీకందరికీ ఎన్నోసార్లు చెప్పినాను కదా. ఆ మాట ఇప్పటికీ నిజమే. పెట్టినోడు పుట్టలేదు. పెట్టింది ఒక అవ్వ. ఆమె నాకంటే శానా ముందే పుట్టింది.

నవ్వద్దండి. టీ నేనే చెప్పినాను కాబట్టి కథ అయ్యేవరకు ఎవరూ లేచేది లేదు.

మీలో కొత్తవాళ్ళు ఉన్నారు కాబట్టి చెప్తాను. నేను రామాంజనప్ప. పట్టుచీరలకు డిజైన్లు గీసేవాణ్ణి. గ్రాఫు గళ్ళ కాగితం మీద నేను బొమ్మ గీస్తే, ఆ గళ్ళ లెక్కన అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైన జకార్డు అనే యంత్రానికి ఎక్కితే, నా బొమ్మ జరీలో దిగుతుంది. నేను గీసిన నెమళ్ళు ఎగిరిపోతాయని నేతగాళ్ళు కిటికీలు మూసుకొని నేసిన రోజులున్నాయి. ఒకసారి రైల్లో పోతాంటే, ఎదురు బండి కిటికీలో ఒకామె కొంగు కనపడింది. రెప్పపాటు కాలం. మా బండి బాసంపల్లి చేరేలోపల ఆ కొంగు మొత్తం సిగరెట్ పెట్టె వెనకాల గీసేసినాను. ఆమె ఎవరో, ఏ ఊరో తెలీదు గానీ, ఆ కొంగు తరవాత సగం జిల్లా కట్టుకుంది.

అట్లాంటివాణ్ణి. ఇప్పుడు అసలు సంగతి.

హిందూపురంలో వీరభద్రప్ప ఉన్నాడు, చింతపండు వ్యాపారం, నాకు పాత స్నేహితుడు. ఆయన కూతురు శైలజకు పెండ్లి కుదిరింది. ఒక పొద్దు ఫోను చేసినాడు. పిల్లకు వాళ్ళవ్వ పెండ్లిచీర మాదిరిదే కావాలంట. అంగట్లో ఎన్ని చీరలు చూపించినా తల అడ్డం తిప్పుతాందంట. ఆ పాత చీరేమో మడతల కాడ పిగిలిపోతాంది, ఇక కట్టుకునే దానికి పనికిరాదు. పోనీ దాన్నే ధర్మవరం తెచ్చి చూపిద్దామంటే, అవ్వ గడప దాటనియ్యదంట. అందుకని నన్నే రమ్మన్నాడు. రెండు దినాలుండి, ముందర పరుచుకొని, నిమ్మళంగా గీసుకొని పొమ్మన్నాడు. సంగటి, చెనిక్కాయల చట్నీ చేయిస్తానని కూడా చెప్పినాడు.

ఆ మాటకు ఊ అని ఉంటే ఈ పొద్దు మీకు చెప్పేదానికి కథ ఉండేది కాదు. కానీ నేనప్పటికే మస్తాను నెట్ సెంటరులో కొత్తగా ఈమెయిలు పెట్టించుకొని ఉన్నాను. పెట్టించుకున్నానే గానీ, దాంట్లోకి ఒక్క ఉత్తరమూ వచ్చింది లేదు. దినామూ పోయి ఖాళీ డబ్బా తెరిచి చూసుకొని వస్తాండాను.

“ఏం వీరభద్రప్పా, ఏ కాలంలో ఉండావు నువ్వు?” అన్నాను. “స్టూడియో వాణ్ణి పిలిచి కొంగు గోడకు తగిలించి ఫోటో తీయించు. ఇంటర్నెట్టులో పంపిచ్చు. ఆడ నువ్వు కాఫీ తాగి లోటా కింద పెట్టేలోపల ఈడ నా చేతిలో గ్రాఫు ఉంటాది.”

ఆయన కొంచెం నసిగినాడు. పిల్ల ఆశ పెట్టుకొని ఉంది, తేడా వస్తే బాధ పడుతుంది అన్నాడు. రామాంజనప్పకు తేడానా అని నేను ఫోను పెట్టేసినాను.

మస్తాను సెంటరు మీకు తెలిసిందే. ముందు ఎస్టీడీ బూతు, ఇప్పుడు దాంట్లోనే మూడు కంప్యూటర్లు. ఇల్లు దాని వెనకాలే. ఇంటికీ సెంటరుకూ కలిపి ఫోను లైను ఒకటే. ఇంటర్నెట్టు నడుస్తాండగా ఇంట్లో ఎవరన్నా ఫోను ఎత్తినారంటే, ఈడ ఇంటర్నెట్టు పుటుక్కున తెగుతుంది. మస్తాను భార్యకు పెనుకొండలో ఒక అక్క ఉంది. ఆ అక్కాచెల్లెళ్ళకు ఒకరంటే ఒకరికి ప్రాణం.

ఫోటో పంపినామని కబురు రాగానే నేను బయలుదేరినాను. నేసేది ఓబులేసు. నా శిష్యుడి కింద లెక్క, నన్ను మామా అంటాడు. మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగు, ఎక్కించుకొని డిజైను కోసం కాచుకొని ఉన్నాడు, ఆ సాయంత్రానికి గ్రాఫు ఇస్తే రాత్రికే అట్టలు కొట్టించుకుంటానని నా వెంటే వచ్చినాడు. వాళ్ళావిడ రామలక్ష్మి కూడా వచ్చింది, కొంగు ఎట్లుంటుందో చూడాలని. సెంటరులో ఒక అయ్యవారు తెలుగు పేపరు చదువుకుంటా ఉన్నాడు. బట్టలంగడి గుమాస్తా ఒకాయన వంతు కోసం బల్ల మీద కూర్చొని ఉన్నాడు. సభకు ఇంతమంది చాలు కదా నాకు.

మస్తాను నా మెయిలు తెరిచి ఫోటో మీద నొక్కినాడు. పైనుంచి ఒక సన్న గీత దిగింది. కొంచేపుండి ఇంకో గీత. మగ్గం మీద బట్ట పెరిగినట్టే, పోగు మీద పోగు. నేత నేసేవాళ్ళకు ఓపిక కొత్తేమీ కాదు, అందరమూ కూర్చున్నాము.

ఆ టైంలో మస్తాను ఒక కబురు చెప్పినాడు. ఇంటర్నెట్టులో పేజీలు తెచ్చి చూపించే ప్రోగ్రాము ఉంది కదా, బ్రౌజరు అంటారు, దానికి కొత్త వెర్షను తయారవుతాందంట. వాడేవాళ్ళకు ఏమేం కావాలో చెప్పమని ఆ తయారు చేసేవాళ్ళు తమ పేజీలోనే అడిగినారంట. మీరు తెలుగులో చెప్పండి, నేను ఇంగ్లీషులో రాసి పంపిస్తా అన్నాడు.

అడిగేవాళ్ళుంటే మనవాళ్ళకు కోరికలు తక్కువా? అయ్యవారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటా తన గోడు వెళ్ళబోసుకున్నాడు. తెలుగు పేపరు తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు వస్తాండాయంట. ఒక్కో పేపరుకు ఒక్కో ఫాంటు వేయించుకోవాల్సి వస్తాందంట. ఇది ఒక్కో చుట్టమింటికి ఒక్కో జత కళ్ళద్దాలు పెట్టుకొని పొమ్మన్నట్టు ఉంది, కొత్త వెర్షనులో అన్నీ ఒకే అద్దాలతో కనపడాలన్నాడు. గుమాస్తాకు వేరే బాధ. ఏదో ఒకటి చూస్తాంటే అడగని కిటికీలు ఎగిరెగిరి వస్తాయి, ఒకటి మూస్తే రెండు వస్తాయి. పిలవని పేరంటానికి వచ్చిందే కాక చుట్టాలను వెంటేసుకొని వచ్చినట్టు. వాటికి గడియ పెట్టించమన్నాడు.

ఈలోపల ఫోటోలో కొంగు పైభాగం దిగింది. ఎర్రటి పట్టు, దాని మీద జరీ పట్టీలు, ఒకటి వెడల్పు, ఒకటి సన్నం. ఆ కింద బొమ్మల వరస మొదలైంది. సన్నగా, వంపుగా, అన్నీ ఒకే దిక్కుకు వంగి. అంతలో లైను తెగింది. లోపలి నుంచి మస్తాను భార్య గొంతు వినపడింది, “అక్కా, బాగుండావా?” అని.

అక్క బాగుండేది తెలుసుకునేదానికి పావుగంట పట్టింది. మళ్ళీ కలిపినాడు. మళ్ళీ ఫోటో మీద నొక్కినాడు. మళ్ళీ పైనుంచి మొదలు.

ఓబులేసుకు ఇది అన్యాయంగా తోచింది. “ఇదేంది మస్తానన్నా? మగ్గం మీద పోగు తెగితే తెగిన కాడే ముడేసి నేస్తాము. చీరంతా పీకి మొదటినుంచి నేస్తామా? కొత్త వెర్షనులో తెగిన కాడినుంచే రావల్లని రాయి.”

రామలక్ష్మి కోరిక ఇంకా ముచ్చటైనది. ఫోటో పైనుంచి కాకుండా కావలసిన కాడినుంచి దిగాలంట. చీర చూసేవాళ్ళు ముందు కొంగు చూస్తారు, కొంగులో ముందు బొమ్మ చూస్తారు. ఆ బొమ్మను అన్నిటికంటే చివర తెచ్చి చూపించేవాడు ఏ చీరా అమ్ముకోలేడు అంది. మస్తాను అది కూడా రాసుకున్నాడు.

ఇంక నన్ను అడిగినాడు. నీకేం కావల్లన్నా అని.

ఆ ప్రశ్న కోసమే కదా కూర్చున్నాను. తెరకు వీపు పెట్టి, జనం దిక్కు కుర్చీ తిప్పుకొని, ఉత్తరీయం సర్దుకున్నాను. నాకు కొత్త వెర్షను అక్కరలేదని చెప్పినాను. సగం చూసి మిగతా సగం చెప్పలేనివాళ్ళకు కావాలి వెర్షన్లు. నా కంట్లోనే రాబోయే పది వెర్షన్లు ఉన్నాయి. గోరంత జరీ ముక్క చూసి, అది నేసినవాడు ఎడమచేతి వాటమా, కుడిచేతి వాటమా చెప్పినవాణ్ణి. రైలు కథ మళ్ళీ చెప్పినాను. ఈసారి ఎదురు బండి ఎక్స్‌ప్రెస్సు.

కథ మంచి పట్టులో ఉండగా మస్తాను నిట్టూర్చినాడు. వెనక్కి తిరిగి చూస్తే మళ్ళీ అదే వంపుల కాడ ఆగిపోయి ఉంది. పెనుకొండ అక్క ఇంకేదో చెప్పడం మరిచిపోయి తనే తిరిగి ఫోను చేసిందంట.

“పొద్దున్నే రాన్నా,” అన్నాడు మస్తాను. “తెల్లారేటప్పుడు లైను ఖాళీగా ఉంటాది. మొత్తం దించి పెడతా.”

న్యాయమైన మాట. ఒక్క రాత్రి ఆగితే పోయేదేమీ లేదు, అట్టలు మరుసటి రోజు కొట్టించుకోవచ్చు. కానీ నేను ఏం చెప్పి కూర్చున్నాను? నా కంట్లో పది వెర్షన్లు ఉన్నాయని. అయ్యవారు నా దిక్కే చూస్తాండాడు. గుమాస్తా బల్ల మీదినుంచి ముందుకు వంగినాడు. ఇప్పుడు రేపు వస్తానంటే ఆ రైలు కథ కూడా అబద్ధమనుకోరా?

లేచినాను. తెర ముందర నిలబడి ఆ వంపుల మీద వేలు ఆడించినాను. కళ్ళు మూసుకున్నాను. కొంచేపు అట్లే ఉంచినాను, అది అవసరం.

“హంసలు,” అన్నాను.

అయ్యవారు కళ్ళద్దాలు సర్దుకొని తెర దగ్గరికి జరిగినాడు.

“మెడలు వంచిన హంసలు. నీళ్ళలో తమ నీడను చూసుకుంటాండాయి. కింద ఒళ్ళు ఉంటాది, రెక్క సగం విప్పి ఉంటాది, తోక మీద మూడు పాయలు. పాత పనోళ్ళు ఇట్లనే వేసేవాళ్ళు. ఓబులేసూ, నడువు, గ్రాఫు ఇస్తా.”

గుమాస్తా చేతులు జోడించినాడు. నిజం చెప్తాండా, జోడించినాడు. ఆ రాత్రి వీరభద్రప్ప ఫోను చేసి, ఫోటో అందిందా, బాగా కనపడతాందా అని అడిగితే, అద్దంలో చూసుకున్నట్టు ఉందన్నాను. ఆయన సంతోషపడి శైలజకు ఫోను ఇచ్చినాడు. ఆ పిల్ల థాంక్స్ మామా అంది. అవ్వ చీర అని ఇంకేదో అనబోయి, ఏడుపు ఆపుకోలేక ఫోను వాళ్ళ నాయనకే ఇచ్చేసింది. అప్పుడన్నా నాకు కొంచెం బుద్ధి రావాల్సింది. రాలేదు. నేను హంసలకు తోకలు దిద్దుకుంటా ఉన్నాను.

గ్రాఫు చూసి రామలక్ష్మి ఒక్క మాట అడిగింది. “మామా, నువ్వు కండ్లు పెట్టినావు. ఆ ఫోటోలో హంసలకు కండ్లు కానీ, ముక్కు కానీ నాకు యాడా కనపడలేదే.”

పాతకాలం హంసలు కళ్ళు మూసుకొని ధ్యానంలో ఉంటాయని చెప్పినాను. ధ్యానంలో ఉంటే మరి నువ్వెందుకు తెరిపించినావని అడిగింది. ఆడవాళ్ళతో డిజైను గురించి మాట్లాడకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకొని అక్కడినుంచి లేచి వచ్చినాను. మస్తాను కూడా పొద్దున్నే కబురు పంపినాడు, ఫోటో మొత్తం దిగింది వచ్చి చూసుకొమ్మని. అట్టలు కొట్టడం అయిపోయినాక ఫోటో ఎందుకని పోలేదు.

చీర నేసినాడు ఓబులేసు. ఏం చీర అనుకున్నారు! ఆ హంసలను చూస్తే నిజం హంసలు సిగ్గుపడి కాకులైపోవాలి. మగ్గం దిగిన మరుసటి రోజే మూట కట్టుకొని, ఇస్త్రీ పంచె కట్టి, హిందూపురం ప్యాసింజరు ఎక్కినాను.

రైల్లో ఊరికే కూర్చోలేదు. బండి పెనుకొండలో ఆగినప్పుడు ఒక టీచరమ్మ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. మూటలో ఏముందని ఆమె అడగలేదు. అడిగినట్టే అనిపించింది నాకు. విప్పినాను. రైలు పెట్టెలో జనమంతా గుమికూడినారు. కిటికీలోనుంచి పెనుకొండ కొండను చూపించి, అదిగో ఆ కోటలో తిరిగిన రాణులు కట్టిన హంసలే ఇవి, మళ్ళీ ఇన్ని వందల ఏళ్ళకు నా చేతిలో దిగినాయి అని చెప్పినాను. టీచరమ్మ ఆ పాత చీర మీరు చూసినారా అని అడిగింది. చూసినానన్నాను. ఎంత చూసినానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

వీరభద్రప్ప ఇంట్లో నాకు జరిగిన మర్యాద పెండ్లికొడుక్కు కూడా జరిగి ఉండదు. నడవలో చాప పరిచినారు. అవ్వను తెచ్చి గోడకు ఆనించి కూర్చోబెట్టినారు. నంజమ్మవ్వ. చిన్న మనిషి, చెవులకు కమ్మలు, నోట్లో పండ్లు లేవు గానీ నోరు మాత్రం శానా ఉంది. శైలజ ఆమె పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది. నేను మూట విప్పి, కొంగు పట్టుకొని, ఒక్క విసురు విసిరినాను. చాప ఈ కొస నుంచి ఆ కొసకు హంసలు బారులు తీరినాయి.

చప్పట్లు కొడతారేమోనని కొంచేపు ఆగినాను.

అవ్వ ముందుకు వంగింది. ఒక హంసను వేలితో తడిమింది. కంటి కాడికి తెచ్చుకుంది. మళ్ళీ దూరంగా పెట్టుకొని చూసింది.

“ఏమప్పా రామాంజీ,” అంది నిమ్మళంగా, “నా మామిడి పిందెలకు కండ్లు ఎప్పుడు వచ్చినాయి?”

శైలజ లోపలికి పోయి, తెల్లగుడ్డలో చుట్టిన పాత చీర తెచ్చి పక్కన పరిచింది. అప్పుడు చూసినాను, మొత్తం. పైన సన్నని కొన వంకీ తిరిగి ఉంది. అంతవరకు నా హంస మెడ. కింద గుండ్రంగా, బరువుగా, పొట్ట మీద చిన్న పూలతో, నూటికి నూరుపాళ్ళు మామిడి పిందె. రెక్క లేదు. తోక లేదు. మూడు పాయలు లేవు. ధర్మవరంలో ఎక్కాలు రాని పిల్లోడు కూడా గీసే బొమ్మ. మా తాతల కాలం నుంచి దినామూ గీసేది అదే. దాన్ని నేను గుర్తు పట్టలేదు.

వీరభద్రప్ప గొంతు సవరించుకొని, హంసలు కూడా శుభమే కదమ్మా అన్నాడు, నా మొహం చూడలేక. శైలజ మాత్రం ఆ కొత్త కొంగును మెల్లగా మడత పెట్టింది.

“చీర శానా బాగుండాది మామా. కానీ ఇది మా అవ్వది కాదు.”

కోపంగా అని ఉంటే నేను పది మాటలు చెప్పి ఉందును. అట్ల అనలేదు.

అప్పుడు అవ్వ చెప్పింది. ఆమె పుట్టిల్లు రొళ్ల కాడ. వాళ్ళ నాయనకు పొలం గట్టున నాలుగు మామిడి చెట్లు ఉండేవంట. ఈమె దినమంతా ఆ చెట్ల కిందే ఉండేదంట. పెండ్లి కుదిరినప్పుడు, అత్తగారింటికి చెట్లు రావు కదా నాయనా అని ఏడిస్తే, ఆయన ధర్మవరం పోయి ఈ కొంగు నేయించుకొని వచ్చినాడంట. చెట్లు రాలేవు, పిందెలన్నా నీ వెంట పోనీ అని. శైలజకు ఆ కథ పసిబిడ్డప్పటి నుంచి తెలుసు. ఇప్పుడు ఆమె మదనపల్లెకు కోడలుగా పోతాంది. ఆమె అడిగింది చీర కాదు, ఆ చెట్లను. నేను తెచ్చింది బాతులను. ఆ పొద్దు నా కంటికే అవి బాతుల మాదిరి కనపడినాయి.

ఓబులేసుకు ఫోను చేసినాను. మన దగ్గర పద్ధతి ఏమంటే, ఒక చీర కోసం వార్పు ఎవరూ ఎక్కించరు, ఒకేసారి రెండు మూడు చీరలకు సరిపడా ఎక్కిస్తారు. అదే నన్ను కాపాడింది. అదే ఎరుపు, అదే పట్టు, ఇంకో చీరకు పోగు మగ్గం మీదే ఉంది. కానీ దాని మీద వేరేవాళ్ళ చీర మొదలు పెట్టబోతాండాడు. ఆపమన్నాను. ఎందుకు మామా అన్నాడు. చెప్పినాను. అవతల ఆ మాటే ఇంట్లో చెప్తాండేది వినపడింది. తరవాత రామలక్ష్మి గొంతు వినపడింది, “కండ్లు మూసుకొని ధ్యానం చేసింది హంసలు కాదంటనా?” అని.

ముహూర్తానికి చీర అందాలంటే మరుసటి పొద్దుకు గ్రాఫు ఓబులేసు చేతిలో ఉండాలి. ఆ నడవలోనే పాత చీర ముందర బోర్లా పడుకొని గీసినాను. అవ్వ గోడకు ఆనుకొని కాపలా. పెన్సిలు ఆగితే చాలు, మొత్తం చూసినావా అని అడుగుతుంది. చూసినానవ్వా అంటే, కింద దిక్కు కూడా చూడు, ఆడ కూడా బట్ట ఉండాది అంటుంది. సాయంత్రం కాఫీ అడిగినాను. లోటా తెచ్చి పెట్టినారు. చూస్తే సగమే ఉంది. శైలజ దిక్కు చూసినాను. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటా అవ్వ దిక్కు చూపించింది.

“సగం ఇచ్చినాము కదప్పా,” అంది అవ్వ. “మిగతా సగం నువ్వే ఊహించుకో.”

రాత్రి సంగటి కూడా సగం ముద్దే పెడతారేమోనని భయపడినాను గానీ, అది మాత్రం నిండుగానే పెట్టినారు.

చీర అందింది. పెండ్లి ముందు రోజు ఓబులేసు తనే పట్టుకొని వచ్చినాడు, ఈసారి నా చేతికి ఇవ్వలేదు, నేరుగా అవ్వ ఒడిలో పెట్టినాడు. ఆమె ఒక్కో పిందెను తడిమి తడిమి చూసింది. నేను గుమ్మం కాడ నిలబడి, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా ఉన్నాను. చివరి పిందె అయినాక, కొంగును శైలజ భుజం మీద వేసి, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టింది. నాకు ఏమీ చెప్పలేదు. కాఫీ మాత్రం నిండు లోటా వచ్చింది.

ఇంక ఆ హంసల చీర. దాన్ని నేనే తీసుకోవాల్సి వచ్చింది, మా ఆవిడ సరోజ కట్టుకుంది. ఆ పెండ్లికే కట్టుకొని వచ్చింది. బాగుంది కదా, ఆడవాళ్ళంతా చుట్టూ మూగి ఇవేం బొమ్మలక్కా, ఎంత కొత్తగా ఉండాయి అని అడుగుతాండారు. ఆమె అందరికీ ఒకటే జవాబు, “మా ఆయన కంప్యూటరులో చూసి గీసిన మామిడికాయలు.”

మొన్న మస్తాను సెంటరుకు పోయినాను. శానా దినాలు ఆ వీధిలోకి పోకుండా చుట్టు తిరిగి పోతాంటి, కానీ ఎన్నాళ్ళని తిరుగుతాను? ఓబులేసు కూడా ఉన్నాడు. మస్తాను మంచివాడు, పాత మాట ఎత్తలేదు. బ్రౌజరు వాళ్ళకు అందరి కోరికలూ పంపినానన్నాడు. అయ్యవారి అక్షరాలు, గుమాస్తా గడియ, ఓబులేసు ముడి, రామలక్ష్మి కొంగు. నీది ఒక్కటే మిగిలింది, ఆ పొద్దు అక్కరలేదంటివి, ఇప్పుడన్నా ఏమన్నా ఉందా అని అడిగినాడు.

ఉందన్నాను. బాగా ఆలోచించే చెప్పినాను. “ఫోటో సగమే వచ్చినప్పుడు, ఇది ఇంకా సగమే, ఇంకా ఇంత రావల్ల, అంతవరకు ఎవరూ నోరు తెరవద్దండి అని ఆ బ్రౌజరే చెప్పల్ల. అట్లాంటిది ఒకటి పెట్టమను.”

మస్తాను నా దిక్కు చూసినాడు. తరవాత ఓబులేసు దిక్కు చూసినాడు. ఏదో ఫోటో తెరిచి, తెర కింద అంచు మీద వేలు పెట్టినాడు. ఆడ ఒక చిన్న పట్టీ. ఫోటో దిగేకొద్దీ అది ఎడమనుంచి కుడికి రంగు నిండుతా పోతాంది. ఫోటో సగం వచ్చేసరికి పట్టీ సగం ఖాళీ. ఇంకా ఉంది, ఆగు అని చెప్పినట్టే.

“ఇది ఎప్పుడు పెట్టినారు?” అన్నాను.

“మొదటినుంచీ ఉండాదన్నా. ఆ పొద్దు కూడా ఉండె.”

ఉండే ఉంటుంది. నాకెట్ల తెలుస్తుంది? ఆ పొద్దు నేను దానికి వీపు పెట్టి రైలు కథ చెప్తాండాను కదా.

ఓబులేసు పక్కకు తిరిగి దగ్గుతాండాడు, నవ్వు కనపడకూడదని. నేను కుర్చీ దగ్గరికి జరుపుకొని మస్తానుకు చెప్పినాను. “అయితే ఈ మాట రాయప్పా. కొత్త వెర్షనులో ఆ పట్టీని తెర మీద పెట్టద్దు, ఎదురుగా కూర్చొని వినేవాళ్ళ మొహాల మీద పెట్టమను. నేను చూసేది ఆ దిక్కే.”